చూసినోళ్లు చూడలేదని ఎందుకంటరు?

ఈ మధ్య ఒక కేసు పనిమీద నాంపల్లి కోర్టుల దాకా పోయాం. సాక్షిగా ఉన్న ఒక పెద్దమ్మ, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు మాతో ఉన్నారు. పని చూసుకుని అబిడ్స్ వైపు నడిచి, జీపీవో దగ్గర ఛాయ్ తాగుతుంటే పిల్లలిద్దరూ ఒక సినిమా మీద తగువు పెట్టుకున్నారు. 2018లో వచ్చిన ‘అంధాధున్’ అనే హిందీ సినిమా అది. శ్రీరామ్ రాఘవన్ తీశాడు. మన హైదరాబాద్‌లో పుట్టిన టబు అందులో హంతకురాలు. దానికి జాతీయ అవార్డులు వచ్చాయి. 2021లో నితిన్‌తో ‘మాస్ట్రో’ అని తెలుగులోనూ తీశారు. ఇన్నేళ్లయినా దాని చివరి సీను మీద వాదన ఆగలేదు.

“వానికి చూపు ఉన్నది. చివర్ల కట్టెతోని డబ్బాను కొట్టలేదా? ఆమె కళ్లు తీసి పెట్టించుకున్నడు. పిల్లకు చెప్పిందంత కట్టుకథ” అంటాడు ఒకడు. “అసలు చూపు పోనే లేదు” అంటాడు ఇంకొకడు. “తేల్చకపోవడమే ఆ సినిమా గొప్ప” అని చివరికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

పెద్దమ్మ అంతా విని అడిగింది: “చంపినోళ్లకు శిక్ష పడ్డదా బిడ్డా?”

“లేదు పెద్దమ్మా. ప్రమాదంల సచ్చిపోయిన్రు.”

“మరి కోర్టు ఏమన్నది?”

“అండ్ల కోర్టే లేదు.”

“ఇగ తేలిందేముంది?” అని గ్లాసు కింద పెట్టింది.

పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ఆ కథ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. పియానో వాయించే కుర్రవాడు ఒకడు గుడ్డివాడిలా నటిస్తుంటాడు. ఒక ఇంటికి వాయించడానికి పోతే అక్కడ శవం కనిపిస్తుంది. చంపినవాళ్లూ అక్కడే ఉంటారు. చూసీ చూడనట్టే వాయించి బయటపడతాడు. పోలీసులకు చెబుదామని స్టేషన్‌కు పోతే, ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ఆ హత్యలో భాగమున్నవాడే కూర్చుని ఉంటాడు. కుర్రవాడు నాలుక మడిచి, తన పిల్లి చచ్చిపోయిందని ఫిర్యాదు చెబుతాడు. ఎదురింటి ముసలమ్మ తాను చూసింది పోలీసులకు చెబితే ఆమెను మేడ మీంచి తోసేస్తారు.

పట్నం జనం చివరి సీను గురించి వాదించుకుంటున్నారు. మన పల్లెల వాళ్లకు మాత్రం ఆ స్టేషన్ సీనే అర్థమవుతుంది. హత్య గురించి చెప్పబోయి పిల్లి గురించి చెప్పి వచ్చినవాళ్లు మన వాడల్లో ఎంతమంది లేరు? “నేనా పూట ఊర్లె లేను”, “చీకటి ఉండె, ఆనవాలు పట్టలే” అనేవాళ్లంతా గుడ్డివాళ్లా? రేపు కూలికి పోవాల్సింది ఆ దొర పొలంలోకే. కిరాణా ఉద్దెర ఊర్లోనే. ఈ లెక్కలన్నీ వేసుకుని చూపు పోగొట్టుకున్నవాళ్లు వాళ్లు.

సినిమాలో ముసలమ్మకు జరిగింది కారంచేడులో నిజంగానే జరిగింది. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపారు. చూసింది చూసినట్టు చెబుతానని నిలబడిన దుడ్డు అలిసమ్మను ఆ తర్వాత చంపేశారు. ఆ కేసులో సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు 2008లో గానీ రాలేదు.

చుండూరు సంగతి ఇంకా చూడండి. అక్కడ తగాదా మొదలైందే సినిమా హాల్లో. 1991 జూలైలో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకులం కుర్రాడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి, గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. మనవాళ్లు వెనక్కి తగ్గలేదు. కోర్టు మా ఊర్లోనే పెట్టాలని కొట్లాడి, ప్రత్యేక కోర్టును చుండూరుకే తెప్పించుకున్నారు. సాక్షులు బోనెక్కి చూసింది చెప్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది.

2014 ఏప్రిల్ 22న హైదరాబాద్‌లోని అప్పటి ఉమ్మడి హైకోర్టు అందరినీ వదిలేసింది. చావు ఏ వేళకు జరిగిందో, ఎక్కడ జరిగిందో, కొట్టింది ఫలానావాళ్లేనని రుజువు కాలేదంది. సాక్షుల వాంగ్మూలాలు ఆలస్యమయ్యాయంది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఎనిమిది శవాలు నిజం, గోనె సంచులు నిజం. చంపినవాళ్లు మాత్రం లేరు! ఏ డైరెక్టరూ ఇట్లాంటి ముగింపు రాయలేదు.

అనుమానం ఉంటే ముద్దాయికి మేలు చేయాలన్న సూత్రానికి మేం వ్యతిరేకం కాదు. దొంగ కేసుల్లో జైళ్లలో మగ్గేది మన పిల్లలే. ఆ సూత్రం మనకే ఎక్కువ అవసరం. మేం అడిగేది ఒక్కటే: ఆ అనుమానం ఎక్కడి నుంచి పుట్టింది? శవాలను దాచినవాళ్లు చావు వేళ తెలియకుండా చేశారు. వాంగ్మూలం వెంటనే రాసుకోవలసిన పని పోలీసులది. వాళ్లు చేసిన ఆలస్యానికి చచ్చినవాళ్ల పెళ్లాం బిడ్డలు శిక్ష అనుభవించాలా?

అందుకే కార్యకర్తలు కొన్ని పనులు మొదటి రోజునే చేయాలి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నాటిది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ దానికి పళ్లు పెట్టింది. నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసులు రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకుని, నకలు ఇవ్వాలి. ఇది 4వ సెక్షన్. కావాలని ఈ పని ఎగ్గొట్టిన అధికారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. ఛార్జిషీటు 60 రోజుల్లో వేయాలి. స్టేషన్లో కూర్చున్నది ఎదుటిపక్షం మనిషైతే ఇంకో స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి రసీదు దాచండి. సాక్షికి రక్షణ, దారి ఖర్చు, బత్తెం 15ఏ సెక్షన్ ఇచ్చిన హక్కులు. సంఘం మనిషినో, వకీలునో తోడు తెచ్చుకునే హక్కూ అందులోనే ఉంది. ముఖ్యమైన సాక్షి వాంగ్మూలం మేజిస్ట్రేటు ముందు నమోదు చేయించమని పట్టుబట్టండి. జరిగిన వేళ, చోటు, ఎవరెవరు ఉన్నారో ఆ రాత్రే కాగితం మీద పెట్టండి. అక్షరం వచ్చిన ప్రతి పిల్లా పిల్లవాడూ వాడకు గుమాస్తా కావాలి.

చట్టం ఒక్కటే సాక్షిని నిలబెట్టదు. ఊరు కూలి బంద్ పెడితే ఆ ఇంటికి గింజలు ఎవరు పోస్తారు? వాయిదా రోజు ఆమె వెంట ఎవరు నడుస్తారు? ఈ రెండు ప్రశ్నలకు వాడ జవాబు చెప్పగలిగితే సాక్షికి చూపు నిలుస్తుంది.

హాస్టల్ పిల్లలు సినిమాలు చూడాలి, వాదించుకోవాలి. సినిమా ముగింపు తేల్చకుండా వదిలే హక్కు తీసినవాడికి ఉంది. చచ్చినవాళ్ల కేసును అట్లా వదిలే హక్కు ఎవరికీ లేదు. ఆ రోజు బస్సెక్కేముందు పెద్దమ్మ మళ్లీ వాయిదా ఎప్పుడని అడిగింది. తేదీ చెప్పాం. “వస్త. చూసింది చెప్త” అన్నది. ఆమె ఒక్కతే రాకుండా చూడవలసిన బాధ్యత మనది.

జై భీమ్!