పెండ్లి పత్రికలోని అక్షరములు

బడిపంతులుగా పనిచేసి విరమించిన వానికి పెండ్లి పత్రికలకు కొఱత యుండదు. కర్నూలు, కడప జిల్లాల నుండి నాకు వచ్చు పత్రికలలో పెక్కింటియందు వధూవరుల పేర్లు ఒకే తీరున నుండును. కొమ్ములు తీగవలె సాగును. దీర్ఘములు గాలికి వంగినట్లుండును. అవి చిత్రకారుడు బాపు దస్తూరిని బట్టి చేసిన అక్షరములు. పశ్చిమ గోదావరి జిల్లాలో 1933లో జన్మించి, 2014లో కీర్తిశేషుడైన ఆయన బొమ్మలకెంతయో వ్రాతకును అంత పేరొందెను. కంప్యూటరు వచ్చిన పిమ్మట ఆ చేతివ్రాత అచ్చక్షరమై ఊరూరి ముద్రణాలయములకు చేరినది.

ఆ యక్షరము అందమైనదే. నా పేచీ యంతయు దానిని వాడు చోటును గూర్చియే.

మా పెద్దమ్మాయి పెండ్లి పత్రికలో పేర్లు మొదలుకొని బస్సు దిగవలసిన చోటు వఱకు సర్వమును ఆ సొగసు అక్షరములతోనే కూర్చిరి. మన లిపికి గుళ్లు పైన, ఒత్తులు క్రింద నుండును గదా! వరుసల నడుమ ఎడము చాలక, పై వరుసలోని ఒత్తు క్రింది వరుసలోని గుడిపై కూర్చున్నది. ప్రొద్దుటూరిలోని మా మేనత్త ముహూర్తపు వరుసను కూడబలుకుకొనలేక, ఏదో వేళ యని బయలుదేరి, తాళి కట్టిన పిమ్మట చేరినది. “ఏమిరా అబ్బీ, నువ్వు పంపింది పత్రికా, ముగ్గా?” అని అడిగినది. చిత్తుప్రతి దిద్దినవాడను నేనే! తప్పులు వెదకితిని గాని, చదువ వీలగునా యని చూడనైతిని.

పట్టుచీర కట్టుకొని వేరుసెనగ చేనిలో కలుపు తీయబోవు వారుందురా? పేర్లకు సొగసు చాలును. వేళకును, ఊరికిని సాదా అక్షరమే తగును.

ఇంకొక మాట. అందఱి పేర్లను ఒక్క చేతి వ్రాతయే వ్రాయవలెనా? ఎఱ్ఱగుంట్ల దాపున కలమళ్ళలో దొరకిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము క్రీ. శ. 575 ప్రాంతము నాటిదందురు. ఆ రాతిని చెక్కిన చేయి ఒకటి. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర తరువాతి కాలమున తన బంగళాలో లేఖకులను నియమించి తాళపత్ర గ్రంథములకు కాగితపు ప్రతులు వ్రాయించెను. ఆ చేతులు వేఱు. నేడు పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతో యూనికోడు అక్షరరూపములు ఉచితముగా లభించుచున్నవి. అడిగిన వారికి గదా ముద్రాపకుడు చూపుట!

అవియు వలదనుకొన్నచో, మీ అక్క పెండ్లికి పేర్లు మీరే తెల్లకాగితముపై వ్రాసి యిండు. దానిని చిత్రముగా తీసి పత్రికపై వేయుట నేడు కష్టము కాదు. మా చిన్నమ్మాయి పెండ్లికి అట్లే చేసితిమి. పేర్లు దాని తమ్ముడు వ్రాసెను. “లక్ష్మి”లోని ఒత్తు కొంచెము ప్రక్కకు ఒరిగినది, దిద్దవలదంటిని. ముహూర్తము మాత్రము లావుపాటి సాదా అక్షరములతో వేయించితిని. మేనత్త ముందునాడే వచ్చి చేరినది.