యాప్‌కు పట్టాదారు తెలుసు, సాగుదారు తెలియడు

మొంథా తుపాను 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురానికి సమీపంలో తీరం దాటింది. ఆ సమయానికి మొగల్తూరు వంటి తీర మండలాల్లో ఖరీఫ్ వరి ఈనిక మీదో, గింజ పాలుపోసుకునే దశలోనో ఉంటుంది. తుపాను వెలిసిన ప్రతిసారీ నష్టం లెక్కకట్టే యంత్రాంగం మొదట చూసేది ఈ-పంట నమోదును. పడిపోయిన చేను గట్టున నిలబడిన మనిషి పేరు అందులో లేకపోతే పరిహారం లెక్కలో ఆ మనిషి లేనట్టే. ధాన్యం కొనుగోలుకూ, బీమాకూ ఇదే నమోదు ఆధారం. కాబట్టి ఈ యాప్‌ను ఎవరిని మనసులో పెట్టుకొని రూపొందించారన్నది సాంకేతిక నిపుణులకు మాత్రమే వదిలేయదగ్గ ప్రశ్న కాదు.

ఒకప్పుడు జమీందారీ కేంద్రమైన మొగల్తూరుకు, దాని చుట్టూ ఉన్న పశ్చిమ డెల్టాకు 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి నీటిని తెచ్చింది. ఆ నీటితో విలువ పెరిగిన భూమి మాత్రం మాలపల్లెకు, మాదిగపేటకు చేరలేదు. యజమానుల కుటుంబాలు భీమవరానికో, హైదరాబాదుకో, సముద్రాలు దాటో వెళ్లిపోయాక సాగు కౌలుదారుల చేతికి వచ్చింది. కౌలుదారుల్లో అన్ని కులాలవారూ ఉన్నారు. సెంటు భూమి కూడా లేకుండా కౌలు చేసేవారిలో దళితులు, వెనుకబడిన కులాలవారే ఎక్కువ. ఒప్పందం నోటిమాట, కౌలు ఎకరాకు ఇన్ని బస్తాలని, బస్తా అంటే డెబ్భై అయిదు కిలోలని లెక్క. ఇది ఎక్కడో ఒక మూల జరిగే వ్యవహారం కూడా కాదు. 2018-19 జాతీయ నమూనా సర్వే ప్రకారం కౌలు కమతాల వాటా దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే అధికం, సుమారు 42 శాతం.

ఇప్పుడు యాప్ సంగతి చూద్దాం. ఈ-పంట వెబ్‌ల్యాండ్‌తో ముడిపడిన వ్యవస్థ. దాని దృష్టిలో పొలం అంటే సర్వే నంబరు, ఆ నంబరు వెనుక సిద్ధంగా ఉండేది పట్టాదారు పేరు. వాస్తవ సాగుదారు పేరే నమోదు చేయాలని అధికారులు చెబుతూనే ఉంటారు. అయితే పంట సాగుదారు హక్కు పత్రం లేని కౌలుదారు మాటకు రైతు సేవా కేంద్రంలో ఎంత బరువుంటుందో అందరికీ తెలిసిందే. ఆ పత్రం పుట్టాలంటే 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం చేయాలి.

అంతకుముందు 2011లో వచ్చిన అధీకృత సాగుదారుల చట్టం వేరే దారి పట్టింది. సాగుదారు దరఖాస్తు చేసుకుంటే గ్రామంలో విచారించి రుణ అర్హత కార్డు ఇవ్వడం దాని పద్ధతి. యజమాని అంగీకారం ముందస్తు షరతు కాదు. బ్యాంకులు ఆ కార్డులను పెద్దగా గౌరవించలేదన్నది నిజమే. లోపం బ్యాంకు దగ్గర ఉంటే, సవరణ పేరుతో మనం సంతకాన్ని తెచ్చి సాగుదారు నెత్తిన పెట్టాం.

ఆ సంతకం అడగడమంటే ఏమిటో తెరను రూపొందించినవారికి తెలిసినట్టు లేదు. వాళ్లకు అదొక తప్పనిసరి గడి. పేటలోని కౌలుదారుకు అది పెద్ద ఇంటి అరుగు ముందు నిలబడి ‘అయ్యగారూ’ అని ప్రాధేయపడటం, వచ్చే ఏడు పొలం చేజారుతుందేమోనన్న భయంతో అసలు నోరు విప్పకుండానే వెనుదిరగడం. 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసా పథకం భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటిచ్చింది. లబ్ధిదారుల జాబితాలో కులాన్ని గుర్తించిన ప్రభుత్వం, ఆ జాబితాకు దారితీసే సంతకంలో ఉన్న కులాన్ని గుర్తించలేకపోయింది! సాగులో సగం పైగా చాకిరీ చేసే కౌలు కుటుంబంలోని స్త్రీ పేరైతే ఒప్పందం దాకా కూడా రాదు.

తెలంగాణ అనుభవం ఇంకా కఠినమైనది. 2020లో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్‌నే తొలగించారు. రైతుబంధు పట్టాదారుకే పరిమితమైంది. ఒక కాలమ్ పోతే ఒక వర్గమే లెక్కల్లోంచి పోతుంది. కంప్యూటర్‌కు పక్షపాతం లేదని నమ్మే మన విద్యావంతులు ఈ ఒక్క కాలమ్ కథను చదివితే చాలు.

యజమానుల భయాన్నీ కొట్టిపారేయనక్కరలేదు. 1956 నాటి కౌలుదారీ చట్టం, దాని 1974 సవరణ కౌలుదారుకు ఇచ్చిన రక్షణల జ్ఞాపకం డెల్టా యజమానుల్లో ఇంకా సజీవం. సంతకం పెడితే భూమి పోతుందనుకుంటారు. హక్కు పత్రం వల్ల భూమి మీద ఎలాంటి హక్కూ సంక్రమించదని 2019 చట్టమే చెప్పింది. పీఎం కిసాన్ ఆరు వేలు, తాము ముందే తీసుకున్న పంట రుణం చిక్కుల్లో పడతాయన్న శంక కూడా ఉంది. వీటిని విడదీయడం ప్రభుత్వానికి చేతకానిది కాదు. భూమి ఆధారంగా ఇచ్చేవి పట్టాదారు ఖాతాకు, పంట ఆధారంగా ఇచ్చేవి సాగుదారు ఖాతాకు వెళ్లేలా రెండు నమోదులు వేరువేరుగా ఉంటే చాలావరకు తగాదా తీరుతుంది.

చేయవలసిన మార్పు కూడా అంత క్లిష్టం కాదు. యాప్ వరుసను తిరగేయాలి. మొదట సాగుదారు స్వయం ప్రకటన, చేనులోనే తీసిన ఫొటో, ఇరుగుపొరుగు చేల రైతుల సాక్ష్యం. ఆ తరువాత యజమానికి సమాచారం, అభ్యంతరానికి గడువు. గడువులోగా అభ్యంతరం రాకపోతే పేరు ఖాయం కావాలి. వస్తే గ్రామసభలో విచారణ జరగాలి. నేడు మౌనంగా ఉండే యజమాని వల్ల కౌలుదారు నష్టపోతున్నాడు. ఈ పద్ధతిలో కాదనదలచిన యజమాని బయటికి వచ్చి ఆ మాట చెప్పాల్సి ఉంటుంది. ఇందుకు కావలసిన ఫోన్లూ, ఉపగ్రహ స్థాన గుర్తింపూ, గ్రామ వ్యవసాయ సహాయకులూ ఇప్పటికే ఉన్నారు. వచ్చే ఖరీఫ్‌కు కాలువలు వదిలేలోపు మొగల్తూరు మండలంలో రెండు రైతు సేవా కేంద్రాలను ఎంచుకొని, మొదటి రోజు పరీక్షకు పట్టాదారులను కాక పేటల్లోని కౌలుదారులను, వారి ఇళ్లలోని స్త్రీలను పిలిచి ఆ తెరను వాళ్ల చేతికిచ్చి చూడవచ్చు.