స్మృతిక్షయం ఆత్మక్షయం కాదు

వార్ధక్యంలో స్మృతి క్షీణిస్తున్నవారి మస్తిష్కానికి యంత్రంతో చికిత్స చేయించవచ్చునా అనే ప్రశ్న వచ్చినప్పుడు ఆస్తిక కుటుంబాలలో రెండు సమాధానాలు వినవస్తాయి. మనస్సు ఈశ్వరదత్తం కనుక దానిని యంత్రంతో కదిలించడం అపచారమనీ, ప్రారబ్ధం అనుభవించవలసిందేననీ కొందరంటారు. జ్ఞాపకమే పోయిన తరువాత ఆ మనిషి ఉన్నా లేనట్లేనని మరికొందరంటారు. పరస్పరవిరుద్ధంగా తోచే ఈ రెండింటికీ మూలం ఒకే భ్రాంతి: అంతఃకరణాన్నే ఆత్మగా తలచడం.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదిహేను దినాలు జలం మాత్రమే స్వీకరిస్తూ ఉపవసించమంటాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే శ్వేతకేతువుకు ఏదీ స్ఫురించదు. భుజించి వచ్చాక అడిగినదంతా చెప్పగలుగుతాడు. మనస్సు అన్నమయమని ఆ తండ్రి నిరూపించిన విధం ఇది. అన్నంతో పుష్టి పొంది, అన్నలోపంతో కృశించేది కరణమే గాని ఆత్మ కాదు. నేత్రానికి శస్త్రచికిత్స అపచారం కానప్పుడు, స్మరణకు సాధనమైన మస్తిష్కానికి చికిత్స అపచారం ఎట్లా అవుతుంది? ప్రారబ్ధాన్ని నమ్మినవారు జ్వరానికి ఔషధం మానడం లేదు కదా!

ఈ చికిత్సాస్వరూపం కూడా తెలుసుకోదగినది. రోమ్ నగరంలోని శాంటా లూచియా ఫౌండేషన్‌లో జాకొమో కోక్ బృందం 50 మంది అల్జీమర్స్ రోగులపై చేసిన పరిశోధన 2022లో 'బ్రెయిన్' పత్రికలో వెలువడింది. ప్రతి రోగి ఎమ్మారై చిత్రాన్ని మార్గదర్శకంగా పెట్టుకొని, స్మృతితో సంబంధమున్న ప్రిక్యూనియస్ అనే భాగానికి గురిచేసి తలపై అయస్కాంతపు చుట్టతో ప్రేరణ ఇచ్చారు. శస్త్రం లేదు, మత్తు లేదు. మొదటి 2 వారాలు వారానికి 5 రోజులు, ఆపైన 22 వారాలు వారానికి ఒక పర్యాయం ఇచ్చారు. నిజమైన ప్రేరణ పొందినవారి స్థితి ఆ కాలంలో దాదాపు నిలకడగా ఉండగా, నామమాత్ర ప్రేరణ పొందినవారిది క్షీణించింది. అధికారిభేదాన్ని బట్టి ఉపదేశం మారినట్లే, ఇక్కడ మస్తిష్కభేదాన్ని బట్టి గురి మారుతుంది.

అయితే దీని పరిమితిని మరువరాదు. ఇది క్షయాన్ని నిలువరించే యత్నమే గాని రోగనిర్మూలనం కాదు. 50 మంది అనేది స్వల్పసంఖ్య. తలలో లోహపరికరాలున్నవారికి, మూర్ఛవ్యాధి ఉన్నవారికి ఇది ప్రమాదకరం కావచ్చు. మస్తిష్కచిత్రం చూడకుండా, వైద్యపరీక్ష లేకుండా జ్ఞాపకశక్తి పెంచుతామని అమ్మే యంత్రాలకు ఈ పరిశోధన ప్రమాణం కానేరదు.

ఇక రెండవ సమాధానం. సుషుప్తిలో నామం, విద్య, బంధుత్వం ఏవీ స్ఫురించవు. అంతమాత్రాన నిద్రించినవాడు లేకుండా పోలేదు. స్మృతివ్యాపారం ఆగినా సాక్షిచైతన్యానికి లోపం లేదని వేదాంతులు ఈ దృష్టాంతంతోనే బోధిస్తారు. కుమారుని పేరు మరచిన తల్లి విషయంలోనూ అంతే. తల్లిని దైవంగా భావించమన్న తైత్తిరీయోపనిషత్తు, ఆమె గుర్తుపట్టినంతకాలమే అనే నియమం పెట్టలేదు.

కనుక మరపు నిత్యకృత్యాలకు అడ్డు వస్తున్నదని తెలిసిన వెంటనే పెద్దలను నాడీవైద్యుని వద్దకు తీసుకొనిపోవడం ధర్మం. చికిత్స ఫలిస్తే మేలు. ఫలించకపోతే వేళకు అన్నం పెట్టడం, చేయి పట్టి నడిపించడం, అడిగినదే పదిసార్లు అడిగినా విసుగులేక బదులు చెప్పడం మిగిలి ఉంటాయి. అవి కూడా ధర్మమే.

స్వస్తి.