చదువు రాదంటే పని రాదని కాదు

ఈ మధ్య నెల్లికుదురు మండలంలోని ఒక ఊళ్లో ఆదివారం ఆరాధన ముగిశాక, మందిరం ముందు చెట్టు నీడన కూర్చున్న ఒక యువకుణ్ణి పలకరించాం. పదేళ్లు హైదరాబాద్‌లో ఉండి, తల్లికి బాగాలేదని భార్యను వెంటబెట్టుకొని ఊరికి తిరిగి వచ్చాడు. ఇక్కడే ఏదైనా పని చూసుకోవాలని ఆశ. ‘‘ఏమేం పనులు వచ్చు తమ్ముడూ?’’ అని అడిగాం. ‘‘నాకేం పని రాదయ్యగారూ. ఏదో కూలి చేసిన’’ అన్నాడు.

ఆ ‘ఏదో కూలి’ ఏమిటని ఒక్కొక్కటిగా అడుగుతూ పోయాం. సెంట్రింగ్ పలకలు బిగించడం వచ్చు. ఇనుప చువ్వలను కొలత ప్రకారం వంచి తీగతో కట్టడం వచ్చు. కాంక్రీటు పోసేటప్పుడు వైబ్రేటర్ ఎంతసేపు పట్టాలో తెలుసు. కొత్తగా వచ్చిన ఎనిమిది మందికి పని పంచి చేయించిన అనుభవమూ ఉంది. అతని భార్య మిరప తోటల్లో కాయ ఏరుతూ పెరిగింది. కళ్లంలో ఆరబోసిన కాయను గుప్పిట పట్టి, ఇంకా తేమ ఉందో లేదో చెప్పేస్తుంది. తాలు కాయను చూపు తిప్పకుండా వేరు చేస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రైతుకు దక్కే ధర చాలావరకు అలాంటి చేతుల మీదే ఆధారపడి ఉంటుంది. ఆమెను అడిగినా అదే జవాబు, ‘‘నాకేమొస్తదయ్యగారూ?’’

వారు వినయం కోసం అలా అనలేదు. తమకు వచ్చిన పనికి పేరుందనీ, దానికో విలువ ఉందనీ ఇంతవరకు ఎవరూ వారికి చెప్పలేదు. పేరు లేని పనికి బేరం ఆడలేం. ఈ వారం మేము రాయదలచినది దీని గురించే.

ఫారం అడిగేది, ఫారం అడగనిది

నైపుణ్యాల గురించి ఇంత మాట్లాడిన కాలం మునుపు లేదు. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో పూనుకుంది. అదే ఏడాది స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేసింది. ఉద్యోగాలిచ్చే వారిని, వెతికేవారిని కలపడానికి ‘డీట్’ అనే డిజిటల్ వేదిక ఉంది. ఇవన్నీ మంచివే. అయితే ఐటీఐలో చేరాలంటే పదో తరగతి, కొన్ని ట్రేడులకు కనీసం ఎనిమిదో తరగతి కావాలి. యాప్‌లో పేరు నమోదు చేయాలంటే చదవడం, రాయడం రావాలి. 2011 జనాభా లెక్కల నాటికి తెలంగాణలో అక్షరాస్యత 66 శాతం పైచిలుకు. మహబూబాబాద్ ప్రాంతం అంతకన్నా వెనుకనే ఉంది. బడికి వెళ్లి మధ్యలో మానేసినవారు ఆ లెక్కలో అక్షరాస్యులే కావచ్చు గానీ, ఫారం ముందు పెడితే చెమటలు పడతాయి.

కేంద్రం 2021 ఆగస్టు 26న ఈ-శ్రమ్ పోర్టల్ ప్రారంభించింది. ఇప్పటికి 30 కోట్లకు పైగా అసంఘటిత కార్మికులు అందులో నమోదయ్యారు. అంతమందిని ఒక జాబితాకు ఎక్కించడం చిన్న పని కాదు. కానీ అందులో సగానికి పైగా వ్యవసాయ రంగం కింద చేరినవారే. మిరప గ్రేడింగ్ తెలిసిన స్త్రీ, ట్రాక్టర్ నడపగల మనిషి, డ్రిప్ పైపులు బిగించగల కుర్రవాడు అందరూ ఒకే గంపలో పడ్డారు. మీసేవ కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తి ‘ఏం పని?’ అని అడుగుతాడు. ఎదుటివారు ‘కూలి’ అంటారు. అతడు అదే నొక్కుతాడు. అక్కడితో ఆ మనిషి కథ ముగుస్తుంది.

బొమ్మతో అడిగితే

ఇలాంటి చోటనే బొమ్మల కార్డులు పనికొస్తాయని లోకంలో చాలామంది గ్రహించారు. అక్షరం అవసరం లేకుండా వృత్తి ఆసక్తిని కనుక్కునే పరీక్షను అమెరికాలో రాల్ఫ్ బెకర్ 1970లలోనే తయారుచేశారు. మూడేసి పని బొమ్మలు చూపి, వాటిలో ఏది ఇష్టమో ఎంచుకోమంటారు. 2015లో జర్మనీకి దాదాపు 9 లక్షల మంది శరణార్థులు చేరినప్పుడు ఈ అవసరం పెద్ద ఎత్తున ముందుకొచ్చింది. వారిలో చాలామందికి పని వచ్చు, కాగితం లేదు, భాష రాదు. బెర్టెల్స్‌మన్ ఫౌండేషన్ వారికోసం సామర్థ్యాల కార్డులు తయారుచేసింది. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, సులభమైన మాట, వేరే భాషల్లో అనువాదం ఉంటాయి. సలహాదారు, పని వెతికేవారు ఎదురెదురుగా కూర్చొని కార్డులు పరుచుకొని మాట్లాడుకుంటారు. ఆ తర్వాత జర్మనీ ఉపాధి సంస్థ అదే ఫౌండేషన్‌తో కలిసి ‘మైస్కిల్స్’ అనే పరీక్ష తెచ్చింది. 30 వృత్తుల్లో, ఫొటోలు, వీడియోలు చూపి ‘ఇక్కడ జరిగిన తప్పేమిటి? తర్వాత ఏం చేయాలి?’ అని అడుగుతుంది. సర్టిఫికెట్ లేని మేస్త్రీ కూడా తనకు ఎంత తెలుసో చూపించగలడు.

మన దేశంలో బెంగళూరులోని ప్రామిస్ ఫౌండేషన్, గిడియన్ అరుల్‌మణి నాయకత్వంలో, ‘జీవ’ అనే వృత్తి మార్గదర్శక పద్ధతిని రూపొందించింది. పడమటి దేశాల పరీక్షలను ఉన్నవున్నట్టు దించుకోకూడదన్నది వారి వాదన. ఇక్కడ పనిని ఎంచుకునేది ఒంటరి మనిషి కాదు, కుటుంబం. వెనుక కులం ఉంటుంది, అప్పు ఉంటుంది, పెళ్లి కావలసిన చెల్లెలు ఉంటుంది. వాటిని పక్కన పెట్టి ‘నీకు ఏది ఇష్టం?’ అని అడగడం అర్థం లేని పని.

నిజానికి బొమ్మ మనకు కొత్తదేమీ కాదు. 1951–52 తొలి సాధారణ ఎన్నికల్లో చదువురాని కోట్లాది మంది గుర్తు చూసి ఓటేశారు. అక్షరం రానివారికి ఆలోచన రాదన్న మాట ఆ రోజే వీగిపోయింది. మన పక్కనే ఉన్న డోర్నకల్‌లో, 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్యగారి కాలం నుంచి, చదువు లేని కూలి కుటుంబాల మధ్య సంఘం పాటతో, కథతోనే ఎదిగింది. అంతకన్నా ముందునుంచే జనగామకు దగ్గరి చేర్యాల నకాశీ పటాలు ఉన్నాయి. కథకులు ఊరూరా పటం విప్పి, బొమ్మ మీద కర్ర పెట్టి, రాత్రంతా కథ చెప్పేవారు.

పటం చెప్పే పాఠం

ఆ చేర్యాల పటమే మనకు ఒక హెచ్చరిక కూడా. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబ పురాణం అని ఒక్కో కులానికి ఒక్కో పటం ఉండేది. ఆ కథల్లో ఆత్మగౌరవం ఉంది, కాదనలేం. కానీ ఎవరి పని ఏదో కూడా ఆ పటాల్లోనే కనబడేది. రేపు మనం తయారుచేసే కార్డుల్లో చీపురు పట్టినది నల్లని ఆడమనిషీ, కంప్యూటర్ ముందు కూర్చున్నది తెల్లచొక్కా మగవాడూ అయితే, అది కొత్త పేరుతో పాత పటమే. వెల్డింగ్ చేస్తున్న లంబాడా అమ్మాయి బొమ్మ ఎదురైతేనే, అది తనకూ సాధ్యమేనన్న తలంపు ఆ అమ్మాయికి కలుగుతుంది.

బొమ్మ అందరికీ ఒకేలా అర్థమవుతుందన్నదీ భ్రమే. దక్షిణాఫ్రికాలో విలియం హడ్సన్ 1960లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధం. ఆయన చూపిన బొమ్మలో ఒక వేటగాడు, ఒక జింక, దూరాన ఉన్నట్టు చిన్నదిగా గీసిన ఏనుగు ఉంటాయి. బడి ముఖం చూడని కూలీల్లో చాలామంది వేటగాడు ఏనుగునే గురిపెట్టాడన్నారు. వారికి తెలివి లేక కాదు. చిన్నగా గీస్తే దూరమని అర్థం చేసుకోవడం బడి పుస్తకాలతో అలవడే సంగతి. కాబట్టి ఎక్కడో గీసిన బొమ్మలను తెచ్చి మన ఊళ్లో పంచితే చాలదు. మన ఊరి పనిముట్లతో, మన ఊరి మనుషులతో తీసిన ఫొటోలు కావాలి. ముందు పదిమందికి చూపి, వారికి ఏం కనబడుతోందో విని, తర్వాతే అచ్చు వేయాలి.

ఇంకొక చిక్కు ఉంది. ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్న మనిషి బొమ్మను కూలివాడు ఎంచుకుంటే, అతనికి గుమాస్తా పని ఇష్టమని పరీక్ష రాసుకుంటుంది. అతను ఎంచుకున్నది గుమాస్తా పనిని కాదు, నీడను. మే నెల ఎండలో స్లాబు మీద నిలబడిన ఎవరైనా అదే ఎంచుకుంటారు. అందుకే కార్డుకు పక్కన మనిషి ఉండాలి. ‘ఇది ఎందుకు నచ్చింది?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినే ఓపిక అతనికి ఉండాలి. వినేవాడు లేకపోతే కార్డులు పేకముక్కలతో సమానం.

బొమ్మ తర్వాత ఏముంది?

అన్నిటికన్నా కఠినమైన ప్రశ్న ఇదే. కార్డులు పరిచి, ‘నీకు ఇన్ని పనులు వచ్చు’ అని చెప్పి పంపించేస్తే, ఆశ చూపి మోసం చేసినట్టే. వచ్చిన పనికి కాగితం రావాలి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పనిచేస్తూ నేర్చుకున్నదాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. మా పాఠకుల్లో ఎంతమంది ఆ పేరు విన్నారు? అడ్డా మీద నిలబడేవారిలో ఎంతమంది విని ఉంటారు?

కాగితం తర్వాత కూలి రేటు, ఒప్పందం. గల్ఫ్‌కు వెళ్లేవారిలో పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు వలస అనుమతి తప్పనిసరి చేసింది 1983 నాటి చట్టం. అయినా డ్రైవర్ పని అని చెప్పి తీసుకెళ్లి ఎడారిలో ఒంటెల దగ్గర వదిలేసిన కథలు కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో అందరికీ తెలిసినవే. చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం అంత సులువు. దక్షిణాఫ్రికాలో రాబర్ట్ డి రూయ్ అనే న్యాయవాది దీనికొక మార్గం చూపారు. క్లెమెన్‌గోల్డ్ అనే పండ్ల తోటల సంస్థ 2016లో ఆయన రూపొందించిన బొమ్మల ఒప్పందాన్ని తన కార్మికులతో కుదుర్చుకుంది. పని గంటలు, జీతం, సెలవు, ఇరువైపుల బాధ్యతలు, అన్నీ బొమ్మల్లోనే. సంతకం చేసేది ఆ బొమ్మల కాగితం మీదే. నారింజ తోటలో కుదిరినది మిరప తోటలో ఎందుకు కుదరదు?

మిరప తోట అన్నాక, మన దగ్గరికి వలస వచ్చేవారినీ తలచుకోవాలి. మన పిల్లలు హైదరాబాద్‌కు, పాతతరం సాలెవారు భివండీకి, సూరత్‌కు పోతే, ఛత్తీస్‌గఢ్ నుంచి మన తోటలకు, ఒడిశా నుంచి మన ఇటుక బట్టీలకు మనుషులు వస్తున్నారు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప తోటల నుంచి బీజాపూర్‌కు కాలినడకన బయలుదేరిన 12 ఏళ్ల బాలిక, ఇల్లు చేరకముందే దారిలో ప్రాణం విడిచింది. బడిలో ఉండవలసిన పిల్ల మన తోటలో కాయ ఏరింది. వలస కూలీల గురించి మాట్లాడేటప్పుడు మనం బాధితుల వైపే లేము, పని చేయించుకునే వైపూ ఉన్నాం. గోండి, కోయ, ఒడియా మాట్లాడేవారికి తెలుగు కరపత్రం కూడా పరాయిదే. బొమ్మ వారికీ ఉపయోగపడాలి.

మా విన్నపం

జిల్లా అధికారులను మేము కోరేది పెద్దదేమీ కాదు. మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల్లో నిజంగా దొరికే పనులతో యాభై కార్డులు తయారుచేయించండి. మిరప గ్రేడింగ్, సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ట్రాక్టర్ మరమ్మతు, కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కుట్టు పని, భూపాలపల్లి గనుల చుట్టూ ఉన్న పనులు, ఆసుపత్రి ఆయా పని, వృద్ధుల సంరక్షణ, అన్నీ అందులో ఉండాలి. ప్రతి కార్డు వెనుక కూలి ఎంత, ఎంత దూరం, ప్రమాదం ఏమిటి అన్న మూడు సంగతులు కూడా బొమ్మల్లోనే ఉండాలి. మహిళా సంఘాల సమాఖ్యలకు, ఐటీఐలకు వాటిని ఇవ్వండి. కార్డుల దగ్గర కూర్చునేవారికి శిక్షణ ఇవ్వండి. మూడు నెలల తర్వాత ఎంతమందికి పని దొరికిందో లెక్క చెప్పండి.

సంఘాలకు మా మాట. మందిరం హాలు వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. ఒక మధ్యాహ్నం దాన్ని తెరవండి. డిగ్రీ చదివిన మన యౌవనస్థులు ఒక్కొక్కరు ఒక్కొక్కరి ఎదుట కూర్చొని గంటసేపు వినండి. విన్నదాన్ని తెలుగులో, ఇంగ్లిషులో ఒక కాగితం మీద రాసివ్వండి. వచ్చినవారిని మతం అడగవద్దు. ఆ బల్ల దగ్గర కరపత్రాలు పంచవద్దు. అది ఎర అనిపించిన రోజున ఆ మంచిపని కాస్తా చెడుతుంది.

చివరిగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పెళ్లి రిజిస్టర్‌లో వరుడి వృత్తి, వధువు వృత్తి అని ఒక గడి ఉంటుంది. పాతికేళ్లుగా మేము ఆ గడి నింపుతున్నాం. ‘ఏం పని చేస్తావు నాయనా?’ అని అడగడం, ‘కూలి అయ్యగారూ’ అనగానే రాసి పేజీ తిప్పేయడం. ఎన్ని వందల గడుల్లో ఆ ఒక్క మాటే రాశామో! ద్రాక్షతోట ఉపమానంలో పొద్దుగూకేదాకా సంతలో నిలబడినవారు సోమరులు కారు. తమను ఎవరూ పనికి పిలవలేదన్నదే వారి జవాబు. ఆ యజమాని కనీసం వారిని ఎందుకలా నిలబడ్డారని అడిగాడు. మేము అదీ అడగలేదు.

ఆ యువకుడి పెళ్లి చేసిందీ మేమే. రిజిస్టర్ తీసి చూశాం. రెండు గడుల్లోనూ ‘కూలి’ అనే ఉంది. అది మా చేతిరాతే.