గోడమీది రాత, ఆసుపత్రిలో రాని మాట

రైల్వేగేటు పక్క గోడలూ, బస్టాండు మూత్రశాలలూ చూసినవారికి "నరాల బలహీనత" అనే మాటను పరిచయం చెయ్యనక్కరలేదు. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో వైద్యుడు దొరుకుతాడని కూడా ఆ రాతే చెబుతుంది. ఇలాంటి ప్రకటనలను నిషేధిస్తూ 1954లోనే చట్టం వచ్చింది. చట్టం దారి చట్టానిది, గోడ దారి గోడది! అయితే మిత్రులారా, ఈ టపాలో నా కోపమంతా ఆ గోడ తప్ప మరో దిక్కు లేకుండా చేసిన పెద్దమనుషుల మీద. ముఖ్యంగా, మూత్రపిండాలు చెడి డయాలసిస్ మీద బతుకుతున్న మగవారి విషయంలో.

సాధారణంగా డయాలసిస్ వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. మూత్రపిండాలు 168 గంటలూ చేసే పనిని యంత్రం 12 గంటల్లో చెయ్యబూనుతుంది. మిగిలిపోయిన మాలిన్యం ఒళ్ళంతటినీ పీడించినట్టే దాంపత్యాన్నీ పీడిస్తుంది. టెస్టోస్టిరోన్ తగ్గుతుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. రక్తహీనత ఓపికను హరిస్తుంది. రక్తనాళాలు గట్టిపడతాయి, మధుమేహం ఉంటే నాడులూ దెబ్బతింటాయి. రక్తపోటుకు వాడే మాత్రల్లో కొన్ని తమ వంతు కీడు చేస్తాయి. దిగులు సరేసరి. మెడలో గొట్టమో, చేతిలో ఝుమ్మని కొట్టుకునే ఫిస్టులానో ఉన్నవాడు పక్కకు ఒత్తిగిలడానికే జంకుతాడు. డయాలసిస్ మీదున్న మగవారిలో సగానికి మించి అంగస్తంభన సమస్యతో బాధపడుతున్నారని దేశదేశాల అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. సగానికి మించి!

మా బావగారికి తోడుగా రెండేళ్ళపాటు ఒక డయాలసిస్ కేంద్రానికి తిరిగాను. బరువెంత, నీళ్ళెన్ని మిల్లీలీటర్లు తాగారు, ఉప్పు వేసుకున్నారా, అరటిపండు తిన్నారా, విరేచనమైందా – అన్నీ అడిగేవారు. ఈ ఒక్కటి ఎవరూ అడగలేదు. పక్క మంచం మీది నలభయ్యేళ్ళ మనిషి ఒకనాడు, భార్య టీ తేవడానికి వెళ్ళిన సమయం చూసి, "అన్నా, మీ బావగారిక్కూడా ఇంతేనా?" అన్నాడు. ఏమిటన్నది అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. బీపీ మాత్రలే కారణమని ఎవరో చెబితే వాటిని మానేసి రెండు నెలలైందట. ఆ సంగతి డాక్టరుకు తెలియదు.

"ప్రాణం నిలవడమే గొప్ప, ఈ వయసులో అదొకటా!" అని ఈసడించేవారిని ఒకటే అడుగుతాను. ఏ వయసులో? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడితోటల్లో పనిచేస్తూ ఈ జబ్బున పడ్డవారిలో నడివయసైనా దాటనివారు ఎందరో ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించారు. సంతోషమే. యంత్రాల లెక్కలూ పడకల లెక్కలూ సభల్లో చాలాసార్లు విన్నాను. ఆ పడకమీది మనిషి సంసారం సంగతి మాత్రం ఏ సభలోనూ వినలేదు. "సంసారానికి పనికిరాడు" అని తీర్పు చెప్పడానికి సిగ్గుపడని మనం, వైద్యం దగ్గరికొచ్చేసరికి మహా సభ్యులమైపోతాం.

ఈ సభ్యత ప్రాణాంతకం. గుండెజబ్బుకు నైట్రేట్ మాత్రలు వాడేవాడు మందుల దుకాణంలో గుట్టుగా సిల్డెనాఫిల్ కొని మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. డయాలసిస్ రోగుల్లో గుండెజబ్బు అరుదా అంటే, వారి మరణాలకు ప్రధాన కారణమే అది. అదే మందును, నైట్రేట్లు వాడటంలేదని నిర్ధారించుకుని, గుండె పరిస్థితి చూసి, వైద్యుడు 25 మిల్లీగ్రాములతో మొదలుపెడితే చాలామందికి గుణమిస్తుంది. ఇక లాడ్జి వైద్యుడి పొట్లంలో ఏ లోహభస్మముందో, మూలిక పేరిట ఆ సిల్డెనాఫిలే ఎంత కలిపారో ఎవరికెరుక!

తీరిక లేదంటారు వైద్యులు. అరటిపండు గురించి అడగడానికి దొరికిన తీరిక దీనికెందుకు దొరకదు? చేటుచేస్తున్న మాత్ర మార్చడం, రక్తహీనత సరిదిద్దడం, హార్మోన్ల పరీక్ష రాయడం, దిగులుకు చికిత్స చెయ్యడం – ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్న అడిగితేనే మొదలవుతాయి. మార్పిడి తర్వాత కొందరికి పరిస్థితి మెరుగవుతుంది, అందరికీ కాదు. ఆ మాటైనా శస్త్రచికిత్సకు ముందే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. చాలా ఇళ్ళలో కిడ్నీ ఇస్తున్నది ఆ భార్యే.