సరౌండ్ సౌండా, చుట్టూ గోలా?

మనూళ్ళల్లో సినిమా హాలు బాగుచేయించారంటే బోర్డు మీద ముందు రాయించేది డాల్బీ 5.1 అనో, 7.1 అనో. ఏ స్పీకర్లు కొన్నారో గొప్పగా చెప్తారు గానీ, వాటిని ఎలా సెట్ చేశారో ఎవరూ చెప్పరు. నా గోలంతా దాని గురించే.

సంక్రాంతికి మా అచ్చంపేట (నల్లమలది కాదండోయ్, పల్నాడుది) వెళ్ళినప్పుడు ఆ చుట్టుపక్కలే ఓ హాల్లో సినిమా చూశా. పాటొస్తే పక్క గోడ చెవిలో అరుస్తోంది. తెర మీద మాట మాత్రం ఫ్యాన్ల హోరులో కలిసిపోయింది. బయటికొచ్చాక మా బాబాయి, "ఏరా, సౌండ్ అదిరిందిగా!" అన్నాడు. తిరకాసంతా ఇక్కడే ఉంది. వెనక నుంచి గట్టిగా వినపడకపోతే "సరౌండ్ రావట్లేదు" అని జనం ఆపరేటర్ మీద పడతారు. ఆయన పాపం సరౌండ్ పెంచేస్తాడు.

నిజానికి దీనికో లెక్కుంది. హాల్లో మూడింట రెండొంతులు వెనక్కెళ్ళి మీటరు పెట్టి, పింక్ నాయిస్ అనే హోరు శబ్దాన్ని ఒక్కో ఛానెల్లో వదుల్తారు. తెర వెనక ఛానెల్ ఒక్కోటి 85 డెసిబెల్స్ చూపించాలి. 5.1లో ఎడమ, కుడి సరౌండ్లు మాత్రం ఒక్కోటి 82, రెండూ కలిస్తే 85. చెవితో విని "ఇంకాస్త" అని 3 డెసిబెల్స్ పెంచారంటే, పవర్ రెట్టింపు చేసినట్టే.

ఇంకోటి డిలే. శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. తెరకి 30 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి తెర శబ్దం 90 మిల్లీసెకన్లకి చేరితే, 5 మీటర్ల దూరంలో ఉన్న గోడ స్పీకరుది 15కే చేరిపోతుంది. ముందొచ్చిన వైపే చెవి తిరుగుతుంది కదా! అందుకే హాలు కొలతల్ని బట్టి సరౌండ్‌ని ఆలస్యం చెయ్యాలి. కొలవకుండా ఫ్యాక్టరీ సెట్టింగులతో నడపటమంటే, మన భాషలో, డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌తో ప్రొడక్షన్లోకి వెళ్ళిపోవటమే.

ఆ తర్వాత గోల భరించలేక మొత్తం వాల్యూమ్ తగ్గిస్తారు. డాల్బీ ప్రాసెసర్ల మీద ప్రామాణికం 7. దాన్ని 5కి తిప్పితే దాదాపు 6.7 డెసిబెల్స్ పోతాయి. అన్నిటితో పాటు మధ్య ఛానెల్లో వచ్చే డైలాగూ పోతుంది. హాళ్ళల్లో తగ్గిస్తున్నారని మిక్సింగ్‌లోనే పెంచుతారు, అక్కడ పెంచారని హాళ్ళల్లో ఇంకా తగ్గిస్తారు. ఎవరు ముందు ఆపాలి? నన్నడిగితే హాలువాళ్ళే, ఎందుకంటే టికెట్టు డబ్బులు తీసుకునేది వాళ్ళు.

"మాకెక్కడ మిగుల్తుంది బాబూ" అంటారా, అదీ అబద్ధం కాదు. 2021 ఏప్రిల్లో వచ్చిన జీవో 35 ప్రకారం పల్లెల్లో నాన్ ఏసీ హాల్లో అడుగు క్లాసు టికెట్టు 5 రూపాయలు. 2022 మార్చిలో గానీ దాన్ని 20కి పెంచలేదు. కానీ నేనడిగేది కొత్త స్పీకర్లు కాదు. ఉన్నవాటినే మీటరు తెలిసినవాడితో ఓ పూట కూర్చుని సరిచేయించమంటున్నా. లక్షలు పోసి పెట్టిన బోర్డుకి ఆ ఒక్క పూటా దండగ ఖర్చెలా అవుతుంది?

మనమూ కొంచెం మారాలి లెండి. వాన పడే సీన్లో వాన మధ్య కూర్చున్నట్టుండి, స్పీకరెక్కడుందో గుర్తు రాకపోతే సరౌండ్ బాగున్నట్టు. ఈసారి హాల్లో మాట వినపడకపోతే "సౌండ్ పెంచవయ్యా" అని అరవకండి. ఇంటర్వెల్లో మేనేజర్ దగ్గరికెళ్ళి, మీటరు పెట్టి చూసి ఎన్నాళ్ళయిందండీ అని అడిగి చూడండి.