కుండీలో మర్రికి ఏ పనిముట్లు కావాలి

పోయిన నెల డాబా మీది మొక్కల గురించి రాసిన గదా, అది చదివి మన బస్తీ తమ్ముడొకడు ఇంటికొచ్చిండు. ఫోనులో ఒక పెట్టె బొమ్మ చూపెట్టిండు. నల్ల కత్తెరలు, కట్టర్లు, తీగె చుట్టలు, బ్రష్షు, అన్నీ కలిపి పద్నాలుగు. ధర మూడు వేల పైచిలుకు. "కాకా, బోన్సాయి మొదలుపెడదామనుకుంటున్న. ఇది తెప్పియ్యనా?" అన్నడు. "చెట్టేది?" అని అడిగిన. చెట్టింకా లేదు. మూడు వేలంటే ఆ ఇంట్లో నెల కిరాయి. ఆగమన్న.

తెలియనోళ్ల కోసం ఒక మాట. బోన్సాయి అనేది వేరే జాతి చెట్టు కాదు. ఏ చెట్టునైనా లోతు తక్కువ కుండీలో పెట్టి, కొమ్మా వేరూ కోసుకుంటూ చిన్నగా ఉంచే విద్య. చైనాలో పుట్టింది, జపానోళ్లు పెంచిండ్రు. వాళ్ల చలిదేశపు చెట్లు మన నాందేడు మే నెల ఎండకు నిలవవు. మనకు మర్రి, జువ్వి, రావి ఉండనే ఉన్నయి. కొనే పని కూడా లేదు, ఏ పాత గోడ చూసినా పగుళ్లలో మొలిచి ఉంటయి. నాది మా ఇంటి వెనక గోడలో మొలిచిన మర్రి. గోడ బతకాలంటే దాన్ని పీకాలె, పీకి పారెయ్యడానికి మనసొప్పలేదు. రావి అయితే మా ఇంటామె గడప దాటనిచ్చేది కాదు, మర్రి కాబట్టి ఊకున్నది.

ముందు కత్తెర. సాంచాల మీద పనిచేసినోళ్లకు నేను చెప్పేదేముంది, మొద్దు కత్తెర దారాన్ని కోయదు, నలుపుతది. కొమ్మ కూడా అంతే. నలిగిన చోట ఎండుతది, కుళ్లుతది. సన్న కొమ్మలకు, ఆకులకు మొన సన్నగా ఉండే గట్టి కత్తెర ఒకటి చాలు. కొనేటప్పుడు దుకాణంలోనే పల్చటి గుడ్డపేలిక మొనతో కోసి చూడండి. గుడ్డ మడతపడితే వద్దు. ఆ కత్తెరతో తీగె మాత్రం కోయకండి. ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి పెట్టండి, మా మనవడు ఒకసారి కరెంటు వైరు కోసి పెట్టిండు.

ఇక డబ్బు పెట్టి కొనాల్సింది ఒక్కటే, కాంకేవ్ కట్టర్. దాని నోరు లోపలికి గుంతగా వంగి ఉంటది. మామూలు కత్తెరతో లావు కొమ్మ కోస్తే మోడు మిగులుతది, తర్వాత అది బుడిపె అయి కూర్చుంటది. ఈ కట్టరు మాను మీద చిన్న గుంత చేసి కోస్తది. చుట్టూ ఉన్న బెరడు మెల్లగా ఆ గుంతలోకి పెరిగి సమానంగా పూడుకుంటది. ఇది నాకు మొదట తెలియదు. కట్టరుకు పైసలెందుకని ఇంట్లో ఉన్న పక్కడ్‌తో పట్టి కొమ్మ విరిచిన. బెరడు చీరుకుంటూ కిందిదాకా వచ్చింది, ఆ పక్క మాను సగం ఎండిపోయింది. ఆ ఎండిన భాగం ఇప్పటికీ ఉంది. చూసినోళ్లు కావాలనే అట్ల చేసిన్ననుకుంటరు, నేనూ ఔనంట.

8 అంగుళాల కట్టరు చాలు. నోరు మూసి వెలుతురుకు ఎదురు పట్టి చూడండి. రెండు అంచుల నడుమ సందులోంచి వెలుగు కనిపిస్తే అది కోయదు, కొరుకుతది. నల్ల ఇనుముది పదును బాగా పడుతది గాని తుప్పు పడుతది. తుప్పు పట్టనిది కావాలంటే ధర ఎక్కువ. నూనె రాసే అలవాటున్నోళ్లకు నల్లదే మేలు. గురుద్వారా దగ్గర కృపాణాల దుకాణాలు చూస్తరు గదా, ఒరలో ఉన్న ఇనుమును కూడా వాళ్లు తుడుచుకుంటనే ఉంటరు.

తీగె సంగతి జాగ్రత్తగా వినండి. కొమ్మను వంచి నిలబెట్టడానికి తీగె చుడతరు. కొత్తోళ్లకు అల్యూమినియం మంచిది, మెత్తగా వంగుతది. తీగె లావు కొమ్మ లావులో మూడో వంతు ఉండాలె. రాగి తీగె మోటరు వైండింగు చేసేటోళ్ల దగ్గర దొరుకుతది, ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడుతది. ఇనుప తీగె వద్దు.

ఒక వానకాలం బిడ్డ కాన్పుకని నిజామాబాదు పోయి రెండు నెలలున్న. వచ్చేసరికి చుట్టిన తీగె బెరడులో మునిగిపోయింది. మర్రి వానల్లో ఎంత జోరుగా లావెక్కుతదో నాకు తెలుసు, అయినా పోయేముందు విప్పలేదు. కంగారుగా చుట్టలు తిప్పి లాగిన, బెరడు తీగెతో వచ్చేసింది. పాలు ధారగా కారినయి. తిప్పి లాగొద్దు, చుట్ట చుట్టకూ తునకలుగా కోసి తీయాలె. అందుకు కరెంటు పనోళ్ల చిన్న కట్టరు, మొనతో కోసేది, సరిపోతది. వజీరాబాదు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతది.

మిగిలినవి ఇంట్లోనే ఉంటయి. వేళ్లు విడదీయడానికి వంచిన పాత చెంచా కాడ. వేళ్ల నడుమ మట్టి దూర్చడానికి వెదురు పుల్ల. ఇటుక ముక్కల దుమ్ము పోగొట్టడానికి పాత జల్లెడ. కుండీ బెజ్జానికి దోమల జాలీ ముక్క. నీళ్లకు మూతకు సన్న బెజ్జాలు కొట్టిన సీసా. తమ్ముడు చూపించిన పెట్టెలో ఆ బ్రష్షు దేనికో నాకిప్పటికీ అర్థం కాలేదు.

కోసిన ప్రతిసారీ పనిముట్టును తుడవాలె. మర్రి పాలు జిగట, ఇనుము మీద ఆరితే నోరు తెరుచుకోదు, రోగం ఒక చెట్టు నుంచి ఇంకోదానికి కూడా పోతది. స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క వేసి దాచండి. షిఫ్టు అయినంక కాటన్ వేస్టుతో సాంచ తుడవకుండా మా జాబరు ఎవరినీ పోనిచ్చేటోడు కాదు. అప్పుడు తిట్టుకున్నం, ఇప్పుడు ఆ చెయ్యే పనికొస్తున్నది.

కొందరంటరు, చెట్టును కోసి కట్టి హింస పెట్టుడు పాపం గదా అని. నేనూ ఆలోచించిన. మా మనవరాలు చదివి చెప్పింది, జపానులో యమకి అనే కుటుంబం దగ్గర 1625 నుంచి కుండీలో ఉన్న పైన్ చెట్టొకటి ఉండేదట. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఆ ఊళ్లోనే ఉండి బతికింది. 1976లో దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చిండ్రు, ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. హింస పడ్డ చెట్టు అన్నేండ్లు బతకదని నా మాట. మా ఇంటామె ఇంకా ఒప్పుకోలేదు.

తమ్ముడు పెట్టె తెప్పించలేదు. నా కట్టరు తీసుకపోయి గోడలోంచి తెచ్చిన జువ్వి కొమ్మ కోసి మళ్లీ ఇచ్చిండు, తుడవకుండా. మీకెవరికైనా ఇంట్లో మొద్దుబారిన కత్తెర ఉంటే ఆదివారం పొద్దున తెండి. సానరాయి నా దగ్గరుంది, నూరి ఇస్త. తుడుచుకోవడం మాత్రం మీ పని.